రాళ్ళ మీద ఎవరి పేరు?

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుమోసిన ఊరు. మా పల్నాటి నేలలో సున్నపురాయికి కరువు లేదు. అమరావతి స్తూపాన్ని చెక్కింది కూడా ఈ జాతి రాతితోనే. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని పల్నాటి సున్నపురాయి అంటారు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు దొరలు మాత్రం 'మార్బుల్' అన్నారు. లండన్ చేరిన ఆ శిల్పాలకు 'ఎలియట్ మార్బుల్స్' అని పేరు పెట్టారు. గ్రీసు నుంచి తెచ్చుకున్న 'ఎల్గిన్ మార్బుల్స్' అప్పటికే అక్కడ ఉన్నాయి. వాటికి ఇవి జోడీ అన్నమాట. ఉన్నవి రెండు మాటలు, రెండూ అబద్ధాలే. అది పాలరాయి కాదు, ఎలియట్‌దీ కాదు.

జేమ్స్ ఫెర్గుసన్ 1868లో ప్రచురించిన 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్' చదువుతున్నప్పుడు నేను ఈ పేరు దగ్గర ఆగిపోయాను. వాల్టర్ ఎలియట్ గుంటూరు వచ్చింది శిల్పాల కోసం కాదు, శిస్తు వ్యవహారాలు చక్కబెట్టడానికి. 1845లో దిబ్బ తవ్వించి రాళ్ళను మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడి ఉండి 1859లో ఓడెక్కాయి. లండన్‌లో గుర్రపు బళ్ళ కొట్టంలో మూలుగుతున్న వాటిని పట్టించుకున్నవాడు ఫెర్గుసన్. ఆ మేలు కాదనలేం. ఆ శిల్పాల అందానికి అతను నిజంగానే ముగ్ధుడయ్యాడు. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ మెచ్చుకోలే.

అందం ఉందని ఒప్పుకున్నాక, దాన్ని చేసినవాళ్ళకు వదిలిపెట్టడం అతనికి చేతకాలేదు. ఇంత గొప్పదనం వెనక గ్రీకుల చెయ్యి ఉండాలనుకున్నాడు. శిల్పాల్లోని మనుషుల వేషభాషలు చూసి ఆర్యులనీ, ట్యురేనియన్లనీ జాతులుగా విడగొట్టాడు. 1876లో రాసిన వాస్తు చరిత్రలో భారతీయ శిల్పకళ కథంతా దిగజారుడు కథేనని తేల్చేశాడు. ఈ తర్కాన్ని మనం ఇంట్లోనూ వింటూ ఉంటాం. నువ్వు ఒకప్పుడు బాగుండేదానివి, ఇప్పుడు నీకు తెలివి చాలదు, కాబట్టి నీ సొత్తు నేను చూసుకుంటాను. సంరక్షకుడి భాష ఇది. సామ్రాజ్యానికీ పితృస్వామ్యానికీ ఈ భాష ఉమ్మడి ఆస్తి.

ఫెర్గుసన్ యవ్వనంలో బెంగాల్లో నీలిమందు వ్యాపారం చేసి డబ్బు గడించాడు. రాజేంద్రలాల్ మిత్ర అనే బెంగాలీ పండితుడు, రాతి కట్టడం మాకు గ్రీకులు నేర్పింది కాదని వాదించాడు. ఫెర్గుసన్ 1884లో అతని మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో కళా చర్చ కాస్తా ఇల్బర్ట్ బిల్లు చర్చగా మారింది. భారతీయ న్యాయాధికారులు యూరోపియన్లను విచారించవచ్చా అన్నది 1883 నాటి ఆ బిల్లు తెచ్చిన గొడవ. ఇలాంటివాళ్ళా మన మీద తీర్పు చెప్పేది అన్నది ఫెర్గుసన్ ధోరణి. ఆ బిల్లును వ్యతిరేకించినవాళ్ళు తెల్ల స్త్రీల మానరక్షణను అడ్డం పెట్టుకున్నారని మనం మర్చిపోకూడదు. దొరలకు తీర్పు చెప్పే అధికారం చేజారేలా ఉన్నప్పుడల్లా స్త్రీలు గుర్తుకొస్తారు.

కానీ రాతి మీదున్న స్త్రీలు వాళ్ళకు గుర్తు రాలేదు. అమరావతి రాళ్ళ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చిన్న చిన్న శాసనాలున్నాయి. వాటిలో భిక్షుణులున్నారు, ఉపాసికలున్నారు, కూతుళ్ళతో కలిసి దానమిచ్చిన తల్లులున్నారు. 1887లో వచ్చిన బర్జెస్ గ్రంథంలో ఈ శాసనాలు అచ్చయ్యాయి కూడా. అయినా ఆ శిల్పాలకు పేరుగా మిగిలింది ఎలియటే.

ఆ శాసనాలు చెప్పేది ముఖ్యంగా ఒక్కటే: ఇది ఫలానా ఆమె దానం. 'ఎలియట్ మార్బుల్స్' అన్నా మన వ్యాకరణంలో షష్ఠీ తత్పురుషే. రెండు చోట్లా ఉన్నది 'యొక్క' అన్న సంబంధమే. ఒకచోట అది చెయ్యి వదిలిన గుర్తు, మరోచోట చెయ్యి బిగించిన గుర్తు. ఆమె తన పేరు రాసుకున్నది ఇచ్చేసినదాని మీద. అతని పేరు పడింది పట్టుకెళ్ళినదాని మీద.

ఇక్కడితో ఆపితే మన గతాన్ని మరీ తేలిగ్గా పొగిడినట్లవుతుంది. విధికుడనే చర్మకారుడు అమరావతిలో పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. ఒక చర్మకారుడి పేరు దాతగా నిలవడం గొప్ప సంగతే. ఆ శాసనంలో అతని తండ్రి పేరుంది, కొడుకు నాగుడి పేరుంది. తల్లి, భార్య, కూతుళ్ళు మాత్రం ఉత్త బంధుత్వాలుగానే ఉన్నారు. పేరు లేకుండా చేసే విద్య మనకు దొరలు కొత్తగా నేర్పింది కాదు.

వాళ్ళు పోయాక మనమేం చేశాం? మాచర్ల దగ్గర నాగార్జునకొండ 1926లో వెలుగులోకి వచ్చింది. అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టిన ప్రధాన దాత చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు, వీరపురుషదత్తుడికి మేనత్త. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. రాణివాసపు దానం వెనక ఎవరి చెమట ఉందో శాసనాలు చెప్పవు, అది వేరే ప్రశ్న. కానీ పేర్లు చెక్కి ఉన్న ఈ స్త్రీలను పక్కనపెట్టి, అక్కడి ఇక్ష్వాకు శాసనాల్లో కనిపించని ఆచార్య నాగార్జునుడి పేరుతోనే మనం ఆ లోయను తలుచుకుంటున్నాం. 1955లో పునాది వేసిన ఆనకట్ట లోయను ముంచింది. దానికీ నాగార్జునుడి పేరే. పల్నాటికి నీళ్ళిచ్చే కుడి కాలవ జవహర్ కాలవ, అవతలిది లాల్ బహదూర్ కాలవ.

సుమారు 120 అమరావతి రాళ్ళు నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి తిరిగి రావాలనే నేనూ అంటాను. అయితే అవి వచ్చిన రోజున పక్కన పెట్టే పలక మీద ఏం రాస్తామో ఇప్పుడే తేల్చుకోవాలి. ఎలియట్ పేరు తీసేసి ఆ చోట ఇంకో మగవాడి పేరు పెట్టడానికైతే అంత దూరం నుంచి తెప్పించుకోనక్కర్లేదు. ఇచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళ మీదే ఉన్నాయి. అవి చదివితే చాలు.