తల్లితో సిడ్నీ చూచిన దినము

మా నాయుడుపేటనుండి సముద్రములు దాటి యుద్యోగములకు బోయిన బిడ్డలు సెలవుదినములలో తలిదండ్రులను రప్పించుకొని, తామున్న దేశమును జూపుట యిప్పుడు సామాన్యమైనది. ఇది మెచ్చదగిన యాచారము. తిరుపతియు కాళహస్తియు దప్ప వేఱు యాత్ర యెఱుగని తల్లులు ఆస్ట్రేలియాను గాంచుట సంతోషింపదగినదే. ఈ యాత్రలను గూర్చిన రచనలును పెరుగుచున్నవి. అట్టి వ్యాస మొకటి, సిడ్నీ నగరమున తల్లితో గడపిన యొక దినమును వర్ణించునది, మా యూరి మిత్రగోష్ఠిలో ఇటీవల చదువబడెను. రచయిత పిన్నవాడు, మాకు ప్రియుడు. కనుకనే గుణదోషములను దాచక చెప్పుచున్నాము.

ముందు గుణములు. భాష నిర్మలముగా నున్నది. సమాచారము నిక్కమైనది. 1932లో తెఱువబడిన రేవువంతెన కమాను 503 మీటరుల దూరమును ఒక్క వంపున దాటుచున్నదని చెప్పినాడు. ఓపెరా భవనము పని 1959లో మొదలైనదనియు, 1973లో ప్రారంభోత్సవము జరిగినదనియు, పైకప్పునకు పదిలక్షలకు మించిన పలకలు పఱచిరనియు చెప్పినాడు. దానిని కల్పించిన డెన్మార్కు శిల్పి యోర్న్ ఉట్జన్ వివాదములచే 1966లో పని విడిచిపోయి, పూర్తియైన భవనమును కన్నులార జూడకయే 2008లో మరణించెనని వ్రాసిన భాగము మనసును గరగించును.

ఇక దోషము. ఆ భవనమును జూడనివానికై యింత జాలిపడిన రచయిత, తన ప్రక్కను నిలిచి దానిని జూచుచున్న యామెను మఱచెను. అమ్మను వంతెన యెదుట నిలిపి ఫోటో తీసితిమి. అమ్మను పడవ యెక్కించితిమి. అమ్మను బల్లపై గూర్చుండబెట్టి మేము మెట్లెక్కితిమి. వ్యాసమంతట అమ్మ కర్మయే గాని కర్త గాదు. ఆమె పేరైనను మాకు దెలియదు. ఆమె స్థానమున నొక పెట్టె నుంచినను వాక్యములు చెడవు.

ఒక్కచోట మాత్రము ఆమె కర్త యైనది. మధ్యాహ్నము చేపల అంగళ్లయొద్ద, నీటియంచున నిలిచిన పెద్ద పక్షినొకదానిని జూచి, “ఇది మన నేలపట్టు గూడబాతు గదరా, తెల్లబడినదేమి?” యని యామె యడిగెనట. రచయిత దానిని చమత్కారముగా నెంచి, నవ్వి, మఱుసటి పేరాలో భోజనము వెలను వ్రాసెను. వ్యాసమున జీవమున్న వాక్య మదియొక్కటే యని మా యభిప్రాయము.

ఏలయన, ఆమె చూపు తప్పు గాదు. ఆస్ట్రేలియా గూడబాతు వేఱుజాతి. మేను తెలుపు, ఱెక్కలు నలుపు. మనది బూడిదవన్నె. కాని రెండును దగ్గఱి చుట్టములే. మా యూరికి దక్షిణమున, దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు చెఱువును ప్రభుత్వము 1976లో పక్షిరక్షణ కేంద్రముగా ప్రకటించెను. ఈశాన్యవానలతో గూడబాతులు వచ్చి, నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలు ఎగురనేర్చినపిదప మఱలిపోవును. వాని రెట్ట కలిసిన చెఱువునీరు పైరునకు ఎరువని అచ్చటి కాపు లెఱుగుదురు. కనుకనే వారు వానిని చెఱుపక కాచుచు వచ్చిరి. ఆమె యడిగిన ప్రశ్నలో నింత యున్నది. కుమారుడు వంతెన కొలతలను పుస్తకములో వెదకెను. తల్లి నడుగుటకు మాత్రము అరగడియ దొరకలేదు.

మన యాత్రారచనకు మొదటివారిలో నొకరైన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, దారిలో గన్నదానిని కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసిపంపెను. 1838లో నచ్చైన ఆ కాశీయాత్రాచరిత్రలో మంచినీ రెచ్చట దొరకును, అంగళ్లెచ్చట గలవు అనునట్టి చిన్న సంగతులు నున్నవి. చూచినది చూచినట్లు చెప్పుటయే దాని బలము. మన మిత్రుని వ్యాసమున లోపించినది వర్ణన గాదు. చూచినవారిలో సగము మంది చూపు.

ఇట్లు చెప్పగా రచయిత, “అయ్యా, మా అమ్మ యేమియు చెప్పదండి. ఏది చూపినను బాగున్నది నాయనా యనును” అనెను. అది నిజమే కావచ్చును. నలువదియేండ్లు ఈ యిల్లాలిని మనము కూర యేమి వండితివని యడిగితిమి. ఏమి చూచితివని యెన్న డడిగితిమి? అడుగనిచోట మాట పెరుగదు. స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించు మన యిండ్లలోనే యీ మౌనము నిలిచియున్నది.

మేమును నిర్దోషులము గాము. ఒకప్పుడు మా తల్లిని సూళ్లూరుపేట మీదుగా పులికాటు సరస్సునకు గొనిపోయితిమి. దూరమున గులాబివన్నె రాజహంసలు బారులు దీరియుండెను. ఆమె చాలసేపు చూచి యేదియో చెప్పబోయెను. ప్రొద్దుపోవుచున్నదని మేము తొందరపెట్టితిమి. ఆమె యిప్పుడు లేదు. పక్షులు మాకు జ్ఞాపకమున్నవి. ఆమె చెప్పబోయిన మాట తెలియదు.

కావున మా సలహా యిది. మిత్రుడు వ్యాసము నచ్చునకు బంపక కొన్నిదినములు నిలుపవలెను. వంతెన కొలతలు ఉండవచ్చును. ఉట్జను కథయు నుండవచ్చును. సెలవు ముగియకముందే ఒక సాయంకాలము తల్లియొద్ద గూర్చుండి, ఆ గూడబాతును జూచినపు డామెకేమి తోచెనో యడిగి, ఆమె మాటలలోనే వ్రాసికొనవలెను. తిరిగి చదువుదినమున ఆమెను గూడ గోష్ఠికి దోడ్కొనిరావలెనని మా కోరిక.