ఉన్న ఊరు, ఓటున్న ఊరు: చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఎన్నికల సరళి - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు నగర ఓటరును గురించి తెలుగులో వెలువడే ఎన్నికల విశ్లేషణలు ప్రధానంగా రెండు మాటల మీద ఆధారపడుతున్నాయి. ఒకటి ‘గాలి’, రెండవది ‘బద్ధకం’. 1978 నుంచి 2024 వరకు చిక్కడపల్లి పరిసర నియోజకవర్గాల ఫలితాలను ఆధారం చేసుకొని ఈ మాటలు వివరించినదెంత, మరుగుపరచినదెంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నివాసమూ ఓటూ ఒకేచోట ఉన్న కార్మికుని నగరం, నివాసం ఒకచోట ఓటు వేరొకచోట ఉన్న ఉద్యోగార్థి నగరంగా మారిన క్రమం ఇందులోని ప్రధానాంశం.

కీలకపదాలు: ముషీరాబాద్, సికింద్రాబాద్ లోక్‌సభ, ఓటర్ల జాబితా, ఉద్యోగార్థులు, ఎన్నికల పరిభాష.

1. ప్రవేశిక

‘ఎన్నిక’ అన్న మాటకు ‘ఎన్ను’ ధాతువు మూలం. ఎన్నడమంటే ఎంచుకోవడమే కాదు, లెక్కపెట్టడం కూడా. మన ఎన్నికల విశ్లేషణలో మొదటి అర్థానికి దక్కిన చోటు రెండవ అర్థానికి దక్కలేదు. ఎవరిని ఎంచుకున్నారన్న చర్చ పుష్కలంగా ఉంది. ఎంచుకునేవారి లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న చర్చ అరుదు. చిక్కడపల్లి వంటి ప్రాంతం విషయంలో ఈ రెండవ ప్రశ్న వేయకుండా మొదటిదానికి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

అమెరికాలో ఒక మహానగరపు ఓటింగు చరిత్ర రాయదలచినవారికి నాలుగేళ్లకొకసారి వచ్చే అధ్యక్ష ఎన్నికలు ఒకే వరుసగా దొరుకుతాయి. మన రాష్ట్రపతిని ఓటరు నేరుగా ఎన్నుకోడు. కాబట్టి హైదరాబాదుకు శాసనసభ, లోక్‌సభ, నగరపాలక సంస్థ అనే మూడు వరుసలను కలిపి చదవవలసి ఉంటుంది. ఈ మూడూ ఒకే మాట చెప్పకపోవడమే పరిశోధకునికి అసలు ముడిసరుకు.

2. ముషీరాబాద్: గాలికి ఎదురు నడిచిన ఓటు

చిక్కడపల్లి, అశోక్‌నగర్ ముషీరాబాద్ శాసనసభ నియోజకవర్గంలోనివి. నారాయణగూడ ప్రాంతానికి 2009కి ముందు హిమాయత్‌నగర్ నియోజకవర్గం ఉండేది. పునర్విభజనలో అది రద్దయి, దాని పేటలు పొరుగు నియోజకవర్గాలలో కలిశాయి. నేడు ఇవన్నీ సికింద్రాబాద్ లోక్‌సభ పరిధిలో ఉన్నాయి.

1977 లోక్‌సభ ఎన్నికలలో ఉత్తర భారతమంతా జనతా పార్టీ వైపు మొగ్గగా, ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికలలోనూ రాష్ట్రం ఇందిరా కాంగ్రెస్ పక్షానే నిలిచింది. అటువంటి 1978లో ముషీరాబాద్ జనతా పార్టీ అభ్యర్థి నాయిని నర్సింహారెడ్డిని గెలిపించింది. ఓడినవారు టి. అంజయ్య, రెండేళ్ల తరువాత ముఖ్యమంత్రి అయిన నాయకుడు. ‘గాలి’ అన్న మాటతో ఈ ఫలితాన్ని వివరించలేము. దేశంలో వీచిన గాలి రాష్ట్రానికి రాలేదు, రాష్ట్రంలో వీచిన గాలి ముషీరాబాద్‌కు రాలేదు.

గమనించవలసినది మరొకటి. పోటీపడిన ఇద్దరూ కార్మికోద్యమం నుంచి వచ్చినవారే. ఆజామాబాద్ పారిశ్రామికవాడ, వజీర్ సుల్తాన్ పొగాకు కర్మాగారం, ట్యాంక్‌బండ్ దిగువన డీబీఆర్ మిల్లు - వీటిలో పనిచేసే కార్మికుడు ఆ చుట్టుపక్కల బస్తీలలోనే కాపురం ఉండేవాడు. పని, ఇల్లు, రేషను కార్డు, ఓటు, యూనియన్ చందా అన్నీ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండేవి. అతని కోరికకూ అతని ఓటుకూ మధ్య ఊరి ఎడం లేదు. ఆ కాలపు ముషీరాబాద్ రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి పార్టీ పేర్లకన్నా ఈ సామీప్యమే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

నాయిని 1985లో జనతా పార్టీ నుంచి, 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి నుంచి మళ్లీ గెలిచారు. 2008లో తెలంగాణ కోసం తెరాస శాసనసభ్యులు రాజీనామాలు చేయగా వచ్చిన ఉపఎన్నికలో అంజయ్య సతీమణి మణెమ్మ చేతిలో ఓడిపోయారు. ముప్పై ఏళ్ల కిందటి పోటీ ఇంకో రూపంలో తిరిగివచ్చింది. ఉద్యమ కాలంలోనూ ఈ నియోజకవర్గం ఉద్యమ పార్టీని ఒకసారి కాదన్నదన్న సంగతి నేటి కథనాలలో కనబడదు.

3. ఒకేరోజు రెండు ఓట్లు, వేర్వేరు రోజులలో రెండు ఓట్లు

1999 నుంచి 2014 వరకు నాలుగు పర్యాయాలు శాసనసభకూ లోక్‌సభకూ ఎన్నికలు కలిపి జరిగాయి. ఆ నాలుగింటిలోనూ ముషీరాబాద్ శాసనసభ్యుడు, సికింద్రాబాద్ లోక్‌సభ సభ్యుడు ఒకే పార్టీకి లేదా ఒకే కూటమికి చెందినవారు. 1999లో కె. లక్ష్మణ్, బండారు దత్తాత్రేయ. 2004లో కాంగ్రెస్ కూటమి నుంచి నాయిని, అంజన్‌కుమార్ యాదవ్. 2009లో మణెమ్మ, మళ్లీ అంజన్‌కుమార్. 2014లో మళ్లీ లక్ష్మణ్, దత్తాత్రేయ.

2018 డిసెంబరులో శాసనసభ ఎన్నికలు ముందుకు జరిగాయి. ముషీరాబాద్‌లో తెరాస అభ్యర్థి ముఠా గోపాల్ గెలిచారు. నాలుగు నెలల తరువాత లోక్‌సభకు సికింద్రాబాద్ నుంచి భారతీయ జనతా పార్టీ అభ్యర్థి జి. కిషన్‌రెడ్డి గెలిచారు. 2023 నవంబరు 30న మళ్లీ ముఠా గోపాల్, 2024 మేలో మళ్లీ కిషన్‌రెడ్డి. ఆ రెండవసారి భారత రాష్ట్ర సమితి లోక్‌సభ అభ్యర్థి మూడవ స్థానానికి పరిమితమయ్యారు.

లోక్‌సభ ఫలితం ఏడు శాసనసభ నియోజకవర్గాల మొత్తం. దానినిబట్టి ఒక్క ముషీరాబాద్ ఓటరు మనసు చదవడం శాస్త్రీయం కాదని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సరైనదే. అందుకే మరో రెండు ఆధారాలు చూడాలి. కిషన్‌రెడ్డి 2018 డిసెంబరులో అంబర్‌పేట శాసనసభ స్థానంలో స్వల్ప తేడాతో ఓడిపోయిన అభ్యర్థి. అంబర్‌పేట సికింద్రాబాద్ లోక్‌సభలోని భాగమే. మనిషీ పార్టీ మారలేదు, మారినది ఎన్నిక. రెండవది, 2020 నగరపాలక ఎన్నికలలో గాంధీనగర్, కవాడిగూడ డివిజన్లు భాజపాకు దక్కాయి, అదీ తెరాస శాసనసభ్యుడు ఉన్న నియోజకవర్గంలో. 2016లో 4 డివిజన్లున్న భాజపా 2020లో నగరమంతటా 48కి చేరింది.

దీనిని ఓటరు ‘చంచలత్వం’ అనడం పరిపాటి. నాకు మాత్రం ఇది తర్కం కలిగిన విభజనగా కనిపిస్తుంది. పింఛను, నీటి బిల్లు, స్థానిక నాయకుని అందుబాటు ఒక లెక్క. ప్రధాని ఎవరన్నది మరొక లెక్క. 2014 తరువాత లోక్‌సభ ప్రచారం ఒక వ్యక్తి చుట్టూ తిరిగి అధ్యక్ష ఎన్నిక స్వభావాన్ని సంతరించుకుంది. తేదీలు కలిసి ఉన్నంతకాలం ఒక లెక్క మరొకదానిని లాక్కువెళ్లింది. తేదీలు విడిపోయాక రెండు లెక్కలూ విడివిడిగా నిలిచాయి. ఈ సూత్రానికి అపవాదం కూడా ఉంది. సికింద్రాబాద్ లోక్‌సభ కాంగ్రెస్‌కు దక్కిన 2004లోనే నారాయణగూడ పక్కనున్న హిమాయత్‌నగర్ కిషన్‌రెడ్డిని శాసనసభకు పంపింది.

4. అశోక్‌నగర్: గొంతు ఇక్కడ, ఓటు అక్కడ

2023 నవంబరు 25న, పోలింగుకు ఐదు రోజుల ముందు, రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చి ఉద్యోగార్థులతో మాట్లాడారు. ఆ ఏడాది మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడింది. గ్రూప్-1 ప్రిలిమినరీ ఒకసారి రద్దయి, మళ్లీ జరిగి, సెప్టెంబరులో హైకోర్టు తీర్పుతో మరోసారి రద్దయింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణ, ఇందిరా పార్కు దారి, స్టడీ హాళ్ల మెట్లు ఆ ఎన్నికలో అధికార వ్యతిరేకతకు ప్రతీకలుగా మారాయి.

ఫలితాలలో కాంగ్రెస్ 64 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. అశోక్‌నగర్ ఉన్న ముషీరాబాద్ మాత్రం భారాస చేతిలోనే ఉంది. హైదరాబాదు జిల్లాలోని 15 స్థానాలలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. 7 మజ్లిస్‌కు, 7 భారాసకు, 1 భాజపాకు దక్కాయి.

దీనిని ‘నగరం నిరుద్యోగిని పట్టించుకోలేదు’ అని చదివినవారున్నారు. ఆ పఠనంలో ఒక దోషముంది. అశోక్‌నగర్‌లో మాట్లాడిన గొంతులలో ఎక్కువ భాగం ముషీరాబాద్ జాబితాలో లేవు. హాస్టల్ గదిలో ముగ్గురితో పంచుకున్న మంచం వారిది, ఓటు మాత్రం అచ్చంపేటలోనో హుజూరాబాద్‌లోనో తుంగతుర్తిలోనో ఉంటుంది. నగరం వారి మాటకు వేదిక అయింది, వారి ఓటుకు కాలేదు. పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం జిల్లాలలో అత్యధిక స్థానాలు కాంగ్రెస్‌కు దక్కడానికి రైతు, కౌలు, పింఛను మొదలైన కారణాలు ఎన్నో ఉన్నాయి. ఉద్యోగార్థి ఒక్కడే ఆ ఫలితం తెచ్చాడనడం అతిశయోక్తి. కానీ అతని ఓటును వెదకవలసిన చోటు అదే.

ఈ దూరం కేవలం అలవాటు వల్ల ఏర్పడినది కాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటరు ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. హాస్టల్లో ఉండే విద్యార్థి సొంత ఊరిలోగానీ హాస్టల్ చిరునామాతోగానీ నమోదు కావచ్చునని ఎన్నికల సంఘం వెసులుబాటు ఇచ్చింది. అయితే అది గుర్తింపు పొందిన, ఏడాదికి తగ్గని కోర్సు చదివేవారికి, విద్యాసంస్థ అధిపతి ధ్రువపత్రంతో. కోచింగ్ సెంటర్‌లో నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్న వ్యక్తి ఏ విద్యాసంస్థ విద్యార్థి? ఏ అధిపతి సంతకం చేస్తాడు? సాధారణ నివాసిగా దరఖాస్తు చేయవచ్చు గానీ, అద్దె ఒప్పందమే లేని మంచానికి చిరునామా రుజువు చూపాలి. 1978 నాటి ఆజామాబాద్ కార్మికునికీ ఇతనికీ ఉన్న తేడా ఇదే. ఇద్దరూ ఈ పేటల జీవితాన్ని నడిపినవారే, కానీ లెక్కలో ఒకరే ఉన్నారు.

5. ‘బద్ధకం’ అన్న మాట

2023లో రాష్ట్ర పోలింగు 71 శాతం దాటగా హైదరాబాదు జిల్లాలో సగానికి చేరలేదు. 2020 నగరపాలక ఎన్నికలలో 46 శాతం పైచిలుకు. వెంటనే ‘బద్ధకపు నగర ఓటరు’ ప్రత్యక్షమవుతాడు. ఈ మాట మూడు వేర్వేరు స్థితులను కలగాపులగం చేస్తుంది. జాబితాలో ఉండి, ఇక్కడే ఉండి, ఓటు వేయనివారు ఒకరు. జాబితాలో పేరుండి, ఇల్లు మారి మియాపూర్‌కో ఎల్బీనగర్‌కో వెళ్లిపోయినవారు మరొకరు. ఇక్కడే ఉండి జాబితాలో లేనివారు మూడవవారు. బద్ధకం మొదటివారికే వర్తిస్తుంది. రెండవవారు పోలింగు శాతాన్ని కాగితం మీద తగ్గిస్తారు. మూడవవారు శాతంలో కనిపించనే కనిపించరు. అద్దె ఇళ్లు, హాస్టళ్లు నిండిన చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో ఈ చివరి రెండు తరగతులను విడదీయకుండా చెప్పే ఏ శాతమూ ఓటరు స్వభావాన్ని గురించి సాక్ష్యం కాజాలదు.

2024 మే 13న తెలంగాణలో లోక్‌సభకూ, ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ, లోక్‌సభలకూ ఒకేరోజు పోలింగు జరిగింది. అంతకుముందు రెండు రోజులు హైదరాబాదు బస్టాండ్లు, విజయవాడ రహదారి కిక్కిరిసిపోయాయి. ఆ ఆదివారం రాత్రి నిలబడి ప్రయాణించి, సోమవారం ఉదయం సొంత ఊరిలో వరుసలో నిలుచున్న మనిషి, హైదరాబాదు జాబితాలోనూ పాత పేరు మిగిలి ఉంటే, సికింద్రాబాద్ లెక్కలో ఓటు వేయనివాడుగానే నమోదయ్యాడు.