ఇంకో చెంబు

మా అల్లుడు కొనుక్కొచ్చిన నువ్వుల నూనె సీసా మూత తీయగానే గదంతా చైనా హోటల్లా గుప్పుమంది. తీరా చూస్తే అది వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె, వంట దింపేముందు నాలుగు చుక్కలు వేసుకునే రకం. ‘‘ఇది రాస్తే పాపాయి నూడుల్స్ వాసన వస్తుందమ్మా’’ అని మా అమ్మాయి పకపకా నవ్వింది. పురుడొచ్చి అప్పటికి తొమ్మిదో రోజు. ఆ తొమ్మిది రోజుల్లో మా అమ్మాయి నవ్వడం అదే మొదటిసారన్న సంగతి నాకు చాలా రోజుల తర్వాత గాని తట్టలేదు. అప్పుడు నా ధ్యాసంతా ఇండియన్ స్టోర్‌లో గానుగ నూనె దొరుకుతుందా లేదా అన్నదాని మీదే.

తెనాలి నుంచి కెనడాలోని బ్రాంప్టన్‌కి నేను పురుడు పోయడానికే వచ్చాను. మన మాటలు చూడండి. కడుపుతో ఉంటే నీళ్ళోసుకుంది అంటాం. కాన్పు చేస్తే పురుడు పోసినట్టు. పుట్టిన బిడ్డకి లాల పోస్తాం. పదకొండో రోజున తల్లికీ బిడ్డకీ పురిటి నీళ్ళు పోస్తాం. మొదటి నుంచి చివరిదాకా అంతా పోయడమే, చెంబు పట్టుకున్న మనిషి ఒకరు పక్కన ఉండాల్సిందే. పురిటికి ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. ఇప్పుడు పుట్టిల్లే సూట్‌కేసుల్లో సర్దుకుని పిల్ల దగ్గరికి వెళుతోంది.

దానికి సూపర్ వీసా కావాలి. 2011 చివర్లో కెనడా మొదలుపెట్టిన ఈ వీసా మీద ఇప్పుడు ఒక్కో విడతకి అయిదేళ్ళ దాకా ఉండొచ్చు. వైద్య పరీక్ష చేయించుకోవాలి, కనీసం లక్ష డాలర్ల ఆరోగ్య బీమా చూపించాలి. మా అమ్మ నా పురిటికి బీమా లేకుండానే నలభై రోజులు చాకిరీ చేసింది. నేను లక్ష డాలర్ల అమ్మమ్మని. విమానాశ్రయంలో తెచ్చిన తిండి వస్తువులన్నీ చెప్పాలంటే చెప్పాను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి బెల్లంతో పాకం పట్టిన కాయం డబ్బా చూసి ఆఫీసరమ్మ ‘‘ఇది మందా, తిండా?’’ అని అడిగింది. రెండూ అన్నాను. వాసన చూసి మూత పెట్టేసింది.

ఆస్పత్రిలో ఉన్నది ఒక్క రాత్రి. మామూలు కాన్పైతే ఇక్కడ ఒకటి రెండు రోజుల్లో పంపేస్తారు. ఈలోగా పాపాయి మడమ మీద గుచ్చి నాలుగు చుక్కల నెత్తురు అట్ట మీద అద్ది ఒట్టావాలోని పిల్లల ఆస్పత్రికి పంపారు. పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బులేమైనా ఉంటే ముందే తెలుస్తుందట. బయల్దేరేటప్పుడు పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుందామని చేతులు చాపాను. కుదరదన్నారు. వెనక్కి తిరిగి ఉండే సీట్లో బెల్టు వేసే తీసుకెళ్ళాలి, అది చట్టం. బయట జనవరి మంచు, సున్నాకి కింద పద్దెనిమిది. పోనీ దళసరి కోటన్నా తొడగండి అంటే అదీ వద్దన్నారు. బెల్టు కింద కోటు ఉంటే గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బెల్టు వదులైపోతుందట. బెల్టు బిగించి పైన దుప్పటి కప్పాలి. నేను మూతి ముడుచుకున్నాను గాని, లెక్క సబబుగానే ఉంది.

లాల సంగతికి వస్తాను. నాకు గట్టిగా వచ్చిన విద్య అదొక్కటే.

పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపుకోవాలి. రెండు పిక్కలూ దగ్గరికి చేర్చితే మధ్యలో చిన్న పల్లం ఏర్పడుతుంది, అది బిడ్డకి దోనె. తల మన పాదాల వైపు, బుల్లి కాళ్ళు మన పొట్ట వైపు. ముందు నూనె: ఛాతీ మీద మధ్య నుంచి పక్కలకి, చేతులకీ కాళ్ళకీ పై నుంచి కిందికి, పొట్ట మీద గుండ్రంగా. కుడి చెయ్యి ఎడమ కాలికి, ఎడమ చెయ్యి కుడి కాలికి అందించి రెండు మూడుసార్లు ఆడించాలి. తర్వాత సున్నిపిండి. నీళ్ళు పోసేటప్పుడు ఎడమ అరచెయ్యి నుదుటి మీద చూరులా పట్టాలి, చుక్క కూడా కంట్లోకి జారకూడదు. వెంటనే బోర్లా తిప్పి వీపు. చెంబుకీ చెంబుకీ మధ్య ఆలస్యం ఉండకూడదు, ఆగితే బిడ్డకి చలేస్తుంది, ఏడుపు లంకించుకుంటుంది. చివరి చెంబు దిగదుడిచి శ్రీరామరక్ష చెప్పి పొయ్యడం. మొత్తం పది నిమిషాలు. ఇది పుస్తకంలో చదివితే రాదు. పక్కన కూర్చుని సబ్బుపెట్టె అందించిన పిల్లే పదేళ్ళ తర్వాత పీట ఎక్కుతుంది. మా అమ్మాయి అలా కూర్చోలేదు, ఎంసెట్ కోచింగ్‌కి వెళ్ళింది.

ఇక్కడ పీట లేదు, నా మోకాళ్ళు పాత మోకాళ్ళు కావు. మా అల్లుడు డాలరామాలో ప్లాస్టిక్ ముక్కాలిపీట కొనుక్కొచ్చి ఖాళీ బాత్‌టబ్‌లో వేశాడు. కూర్చుని కాళ్ళు చాపి చూస్తే భలే కుదిరింది. నిజానికి బాత్‌టబ్ మన జాలాడు లాంటిదే, మూడు వైపులా గోడ, నీళ్ళు వాటంతట అవే పోతాయి. నీళ్ళ వేడి నేను మోచేత్తో చూశాను, అతను బాతుబొమ్మ థర్మామీటర్‌తో చూశాడు. ముప్ఫై ఏడు అంది బాతు. సరిపోతుంది అంది మోచెయ్యి.

ఈ విద్యకి ఇక్కడ క్లాసులున్నాయి, డబ్బు కట్టి నేర్చుకుంటారు. ఫ్రెడెరిక్ లెబోయే అనే ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు కలకత్తాలో శాంతల అనే తల్లి వీధిలో కూర్చుని బిడ్డకి నూనె మర్దన చేస్తుంటే చూశాడు. ఫొటోలు తీసి 1976లో ఆవిడ పేరుతోనే పుస్తకం వేశాడు. విమలా మెక్‌క్లూర్ అనే అమెరికన్ 1973లో మన దేశంలో ఒక అనాథాశ్రమంలో పని చేస్తూ ఇదే చూసి నేర్చుకుని, తర్వాత శిక్షకుల్ని తయారుచేసే సంస్థనే పెట్టింది. మన వీధిలో పురుళ్ళకి నీళ్ళు పోసే మంత్రసాని అవ్వకి మాత్రం కుంచెడు బియ్యం, ఒక పాత చీర. సర్టిఫికెట్ ఎవరిచ్చారు గనక.

అలాగని అమ్మ నేర్పినవన్నీ చెయ్యలేదు. ముక్కు సూదిగా రావాలని లాగడం మానేశాను. కాన్పులో సాగిన తల కొన్ని వారాల్లో తనంతట తనే గుండ్రమవుతుంది, పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కదా. పుట్టగానే స్నానం అసలే లేదు. కనీసం ఇరవై నాలుగు గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచి చెబుతోంది, బిడ్డ ఒంట్లో వెచ్చదనం పోకుండా. నాలిక మీద తేనె రాయలేదు, ఏడాదిలోపు పిల్లలకి దాంతో బొటులిజం ప్రమాదం. కాటుకలో సీసం ఉండొచ్చని కెనడా ఆరోగ్య శాఖ హెచ్చరిస్తుంది గనక కంటికి ఏమీ పెట్టలేదు. దిష్టికి మాత్రం నేను సగ్గుబియ్యం మాడ్చి కాచి కొబ్బరి చిప్పలో ఆరబెట్టి తెచ్చిన చాదే, అరికాలికి ఒక చుక్క. పొద్దుటి ఎండలో పడుకోబెడదామంటే ఎండే లేదు. దానికి బదులు డి విటమిన్ 400 యూనిట్లు, రోజుకో చుక్క. మా అమ్మ నన్ను మంచినీళ్ళు తాగనిచ్చేది కాదు, బాలింతకి నీళ్ళు చేటని. దాహంతో నోరు పిడచగట్టి పాలిచ్చాను. ఆ ఒక్క పథ్యం మీద నాకు ఇప్పటికీ కోపమే. మా అమ్మాయి పక్కన లీటరు సీసా ఎప్పుడూ నిండుగా ఉంచాను.

పంతం పట్టింది సాంబ్రాణి దగ్గరే. పదకొండో రోజున నిప్పు రాజేసి ధూపం వేశాను, తల్లి జుట్టుకీ పిల్ల జుట్టుకీ పట్టించాలని. పొగ ఇంకా పైకి లేవనే లేదు, పడక గది బయట అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇక్కడ ప్రతి అంతస్తులోనూ ఒకటి ఉండి తీరాలట. అల్లుడు కుర్చీ ఎక్కి తువాలు విసిరాడు. పక్కింటి పంజాబీ ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. విషయం తెలిసి నవ్వి, మర్నాడు డబ్బాడు పంజిరీ తెచ్చిచ్చింది. గోధుమపిండి, నెయ్యి, బాదం, జిగురు. మన కాయానికి పిన్నిగారి వరస. వాళ్ళకీ బాలింతకి నలభై రోజులే.

పేరు గురించి ఒక్క మాట. పాపాయి ఇక్కడ మంగళవారం అర్ధరాత్రికి ముందు పుట్టింది, తెనాలిలో అప్పటికే బుధవారం పది దాటింది. మా వియ్యపురాలు నక్షత్రం ఏది పట్టుకోవాలని బెంగపడింది. చంద్రుడు ఒక్కడేనమ్మా, నక్షత్రం ఎక్కడైనా అదే అని పురోహితుడు ఫోన్లో తేల్చేశాడు. బారసాల ఇరవై ఒకటో రోజున. ఇక్కడి ఒంటారియో ప్రభుత్వం జనన నమోదుకి ముప్ఫై రోజులు గడువిస్తుంది. తొమ్మిది రోజులు మిగిలాయి, ఇంటిపేరు ముందా వెనకా అని కొట్టుకోవడానికి సరిపోయాయి.

అల్లుడి సంగతి చెప్పాలి. మా ఇంట్లో పురిటి గది గడప మగవాళ్ళు దాటేవాళ్ళు కాదు. ఈయన నాలుగో రోజు నుంచి నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చెంబు అందించాడు. కెనడాలో తల్లికి పదిహేను వారాల ప్రసూతి భృతి, ఆ తర్వాత అమ్మానాన్నలు పంచుకునే నలభై వారాలు ఉన్నాయి, జీతంలో 55 శాతం, ఒక పరిమితి దాకా. ఆ నలభైలో ఒక్కరే ముప్ఫై అయిదుకి మించి వాడుకోకూడదు. 2019లో పెట్టిన నిబంధన అది. మిగిలిన అయిదు వారాలు రెండోవాళ్ళు తీసుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ అయిదు వారాలే ఈయన్ని బాత్‌రూమ్ దాకా తెచ్చాయి. పన్నెండో రోజున ‘‘అత్తయ్యా, ఇవాళ నేను పోస్తా’’ అన్నాడు. నుదుటి మీద అరచెయ్యి నాకంటే జాగ్రత్తగా పట్టాడు. శ్రీరామరక్ష మటుకు మర్చిపోయాడు.

ఇంత విద్వత్తు చూపించి పొంగిపోతున్న రోజుల్లోనే, మూడో వారంలో నర్సు వచ్చింది. ఒంటారియోలో ‘హెల్తీ బేబీస్ హెల్తీ చిల్డ్రన్’ అని ఒక పథకం ఉంది, దాని తరఫున. బూట్లు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను పాపాయిని అందించబోయాను. ఆవిడ పిల్ల వైపు చూసి నవ్వి, ముందు మా అమ్మాయి వైపు తిరిగింది. నువ్వెలా ఉన్నావు అని అడిగింది. అడిగి ఊరుకుంది, జవాబు కోసం.

పద్దెనిమిది రోజుల్లో నేను పిల్లని అడిగినవి గుర్తు తెచ్చుకున్నాను. పాలు పడుతున్నాయా? తిన్నావా? తలకి గుడ్డ కట్టుకున్నావా? చెవుల్లో దూది ఏది? నర్సమ్మ అడిగిన మాట వాటిలో లేదు.

తర్వాత ఆవిడ ఒక కాగితం ఇచ్చింది, పది ప్రశ్నలు. ఎడిన్‌బరో స్కేలు అంటారు, బ్రిటన్‌లో 1987లో తయారైంది. నవ్వగలుగుతున్నావా, నిన్ను నువ్వే నిందించుకుంటున్నావా, నిద్ర పడుతోందా, ఇలాంటివి. ఒక ప్రశ్న దగ్గర మా అమ్మాయి పెన్ను చాలాసేపు ఆగింది. ఏ ప్రశ్నో నేను చూడలేదు, ఇక్కడ రాయడానికి అడగనూ లేదు. మొదటి రెండు వారాలు దిగులు, ఏడుపు చాలామందికి మామూలే, ఇప్పుడు ఆ రెండు వారాలూ దాటిపోయాయి గనక మళ్ళీ మాట్లాడుకుందాం అని నర్సు వచ్చే వారానికి రోజు రాసుకుని వెళ్ళింది. మా నాయనమ్మ కాలంలో దీన్ని ‘సన్ని కమ్మింది’ అని వేపమండలు తెచ్చేవాళ్ళు. నా కాలంలో ఆ పేరు కూడా లేకుండా పోయింది, ‘పండంటి పిల్లని పెట్టుకుని ఏడుపేంటి’ అనేవాళ్ళు. నేను కూడా అదే అని ఉందును, నర్సు రాకపోతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ నాకు నీళ్ళు పోయడం గుర్తొచ్చింది. వావిలాకు వేసి కాగు నిండా మరిగించేది. నా బిడ్డకి లాల అయిపోగానే దాన్ని మా నాయనమ్మ చేతిలో పెట్టి, ఇంక నువ్వు రావే అని నన్ను పీట మీద కూర్చోబెట్టి నడుం మీద ధారగా పోసేది. అరగంట. కళ్ళు మూసుకునేదాన్ని. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని అరగంట అదే. లాలకి ఆ రెండో సగం ఉందని నేను మర్చిపోయాను. ఇక్కడ మా అమ్మాయి తలుపు ఓరగా వేసి, పిల్ల ఏడుపు వినపడుతుందేమోనని షవర్ కింద మూడు నిమిషాలు నిలబడి వచ్చేస్తోంది.

మర్నాడు పాపాయి లాల అయ్యాక అల్లుడి చేతికి ఇచ్చి, వావిలాకు లేని వేణ్ణీళ్ళే బకెట్ నిండా పట్టాను. ఫ్యాన్ ఆపాను, ఆవిరి నిలవాలని. దాన్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి మెడ మీంచి, భుజాల మీంచి, నడుం మీంచి పోస్తూ వెళ్ళాను. నేనేమీ అడగలేదు. అదీ ఏమీ చెప్పలేదు. అద్దం మసకబారింది. బయట పాపాయి రాగం ఎత్తుకుంది, మా అమ్మాయి ఉలిక్కిపడి లేవబోయింది. భుజం మీద చెయ్యి వేసి ఆపాను, వాళ్ళ నాన్న ఉన్నాడుగా అన్నాను. హాల్లో అటూ ఇటూ అడుగుల చప్పుడు. కాసేపటికి ఏడుపు ఆగింది.

బకెట్ అడుగంటింది. మళ్ళీ పట్టనా అన్నాను.

కళ్ళు తెరవకుండానే, ‘‘ఇంకో చెంబు పొయ్యమ్మా’’ అంది.