హైదరాబాదు క్లోరోఫారము కమిషను: కొలత ఒకటి, తీర్పు వేరొకటి

రక్తపోటు యంత్రము, వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు నేడు ఛత్రినాక సందులలోని ఇండ్లకును చేరినవి. అంకె కనబడగనే ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు, లేదా కంగారు పడుదురు. ఆ అంకె దేనిని చెప్పుచున్నది, దేనిని చెప్పుట లేదు అని ప్రశ్నించువారు తక్కువ. ఈ ప్రశ్నను విడిచినచో ఎంతటి శాస్త్రజ్ఞులైనను పొరబడుదురనుటకు ఈ నగరమే ఒక నిదర్శనము.

ఛత్రినాక నుండి చార్మినారు మీదుగా వచ్చి నయాపూల్ వద్ద మూసీని దాటినచో అఫ్జల్‌గంజ్ వచ్చును. ఉస్మానియా ఆసుపత్రికి పూర్వము ఇచట అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండెను. అందు శస్త్రచికిత్సలు చేయుచుండిన డాక్టరు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి. క్లోరోఫారము ఇచ్చునపుడు రోగి శ్వాసను మాత్రము కనిపెట్టి ఉన్న చాలును, నాడిని చూడ నక్కరలేదు అని అతని దృఢవిశ్వాసము.

ఈ మత్తుమందును 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరము జనవరిలోనే, కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చిన పదునైదేండ్ల బాలిక ఇంగ్లండులో కొన్ని నిమిషములలో మరణించెను. ఇట్టి మరణములలో ముందుగా ఆగునది శ్వాసయా, గుండెయా? వైద్యలోకము రెండు పక్షములుగా చీలెను. ఇది ఒట్టి వాదము కాదు. మత్తు ఇచ్చు వైద్యుడు దేనిని కనిపెట్టి ఉండవలెనో నిర్ణయించునది ఈ సమాధానమే.

1888లో లారీ ఏర్పరచిన మొదటి కమిషను తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక అంగీకరింపలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, పరీక్షకుని పంపుమని ఆ పత్రికను కోరెను. 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు మొదలగు 400కు పైగా జంతువులపై ప్రయోగములు జరిగెను. వానిలో 100కు పైగా ప్రయోగములందు రక్తపీడనమును యంత్రముతో లిఖించిరి. ధమనిలో అమర్చిన గొట్టము పీడనమును మాపకమునకు చేర్చును; మాపకపు ముల్లు తిరుగుచున్న కాగితముపై గీత గీయును. లుడ్విగ్ 1847లో కల్పించిన కైమోగ్రాఫు అను సాధనము ఇదియే. శ్వాసయే ముందు ఆగును, గుండె తరువాత ఆగును అని కమిషను తీర్పు చెప్పెను.

కొలతలలో మోసము లేదు. ఎక్కువ మోతాదు ఇచ్చిన జంతువులలో జరిగినది అట్లే. లోపము కొలత నుండి తీర్పునకు వేసిన అడుగులో ఉన్నది.

మొదటిది, పీడనము ఒక్కటే అయినను దానికి కారణములు పెక్కు. హృదయము నిమిషమునకు పంపు రక్తమును, నాళముల నిరోధముతో గుణించిన వచ్చునది పీడనము. గీత దిగినచో హృదయము బలహీనమైనదా, నాళములు వ్యాకోచించినవా అని ఆ గీత యొక్కటే చెప్పజాలదు. రెండవది, పెక్కుమంది రోగులు మరణించినది నిండు మత్తులో కాదు. మత్తు మొదలగు సమయమున, భయముతో నున్నపుడు. అధిక మోతాదు ఇచ్చిన కుక్క ఈ ప్రశ్నకు సమాధాన మీయజాలదు.

1911లో లెవీ అసలు సంగతి బయటపెట్టెను. తేలిక మత్తులోనున్న పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కింపగా వాని హృదయ జఠరికలలోని కండరపు పోగులు ఏకముగా ముడుచుకొనక, దేనికది వణకసాగెను. అట్టి గుండె రక్తమును పంపలేదు. భయపడినపుడు మన శరీరములో స్రవించునది ఆ ఎడ్రినలినే. కనుక శ్వాస నిలువక మునుపే గుండె విఫలము కావచ్చునని తేలెను.

అట్లని కమిషను శ్రమ వ్యర్థమని తలపరాదు. శ్వాసను ఏమరక చూడవలెనను దాని హెచ్చరిక మంచిదే. తన గీతలను ప్రకటించి, ఇతరులు తరచి చూచుటకు వీలు కల్పించినది. "శ్వాసను చూడుము" అనుటతో ఆగినచో దానికి మచ్చ లేకుండెడిది. "నాడిని చూడనక్కరలేదు" అను మాటకు ఆ గీతలలో ఆధారము లేదు.

ఈ పొరపాటు మన ఇండ్లలోను జరుగవచ్చును. ఆక్సీమీటరు 98 చూపినదనుకొందము. రక్తములోని హీమోగ్లోబిన్‌లో ఎంత భాగము ఆక్సిజనును మోయుచున్నదో ఆ అంకె తెలుపును. అసలు హీమోగ్లోబిన్ ఎంత ఉన్నదో తెలుపదు. రక్తహీనత గల స్త్రీకి కూడ 98 రావచ్చును. ఆమె అవయవములకు మాత్రము చాలినంత ఆక్సిజను అందకపోవచ్చును. తరగతిలో నాడిని లెక్కింపజేయు ఉపాధ్యాయులు, అంకె వ్రాసిన పిదప మరియొక ప్రశ్న అడుగుట మంచిది: "దీనివలన మనకు తెలియనిదేమి?" హైదరాబాదు కమిషను అడుగక విడిచిన ప్రశ్న అదియే.