నాగార్జునకొండ శిల్పమునఁ బరదేశి

హాస్యము తాను జూపించినవానిని గించపఱుచునా, ఆదరించునా యను ప్రశ్న కావ్యమునకు వలెనే శిల్పమునకును వర్తించును. దీనికిఁ జక్కని యుదాహరణము నాగార్జునకొండయందుఁ గలదు.

1926వ సంవత్సరమున వెలుఁగులోనికి వచ్చిన యీ స్థలము క్రీ. శ. 3, 4 శతాబ్దులలో నిక్ష్వాకుల రాజధానియైన విజయపురి. ఆ లోయ నేఁడు నాగార్జునసాగర జలములలో మునిఁగియున్నది. లాంగ్‌హర్స్టుదొర త్రవ్వించినపుడు దొరకిన స్తంభశిల్పములలో రెండు విచిత్రములు. మొదటివాఁడు గడ్డము పెంచిన భటుఁడు. నిండుచేతుల యంగీ, షరాయి తొడిగి, ఈటె పూని నిలిచినాఁడు. రెండవవాఁడును గడ్డమువాఁడే, నడుముపై వస్త్రము లేక, పానము చేయు కొమ్ముపాత్రను జేతఁబట్టినాఁడు. మొదటివానిని శకుఁ డనియు, రెండవవానిని యవనుల మద్యదేవతయగు డయోనిససుతోఁ బోలినవాఁ డనియుఁ బండితులు తలఁచిరి.

వీ రెవ్వరో పోల్చుటతో విమర్శ ముగియదు. బుద్ధగాథల ఫలకములలోని జనులు పలుచని వలువలతో, నగలతోఁ గదలాడుచుండఁగా, భటుఁడు మాత్రము కృష్ణాతీరపు టెండలో బిగువు దుస్తులతో నిటారుగా నిలిచియున్నాఁడు. శిల్పి వినోద మీ వేషభేదమునందే యున్నది. ముఖమును వికృతము చేయలేదు. దేహమును గుఱుచ చేయలేదు. బొజ్జలు పెంచిన వామనయక్షులను జెక్కి నవ్వించు నేర్పు ఆంధ్రశిల్పులకుఁ గలదు. ఆ నేర్పు నిచటఁ బ్రయోగింపకుండుటయే యౌచిత్యము.

ఇవి యథార్థచిత్రములే కాని వినోదార్థములు గావని కొంద ఱనవచ్చును. అచటి శాసనములు ఉజ్జయినీ రాజపుత్రియగు రుద్రధరభట్టారికను, శకుఁడైన మోదుని సోదరినిఁ బేర్కొనుచున్నవి. కావున శకులు పురజనులకుఁ గ్రొత్తవారు గారు. నిజమే, అయినను ఎఱిఁగినవానినే వింతగాఁ జూపుట యిచటి విశేషము. వీరపురుషదత్తుని 14వ యేఁటి బోధిసిరి శాసనము కాశ్మీర, గాంధార, చీన, యవనాది దేశములను బ్రసన్నములఁ జేసిన తామ్రపర్ణీయాచార్యులను గీర్తించినది. శాసనమునఁ బరదేశము ధర్మముచే మనలోఁ గలిసినది. స్తంభమునఁ బరదేశి వేషముచే వేఱుగానే నిలిచినాఁడు. ఈ రెంటిని గలిపి చదివిననే విజయపురి మనస్సు తెలియును.

లోప మొకటి గలదు. ఫలకములందలి జనులకుఁ గథ గలదు, ఈతనికి లేదు. మనము వానిని జూచుచున్నాము గాని, వాఁడు మనలను జూచిన తీరు శిల్పి చెప్పలేదు.

ఈ లోపము పురాతత్త్వమునకే పరిమితము గాదు. మల్లాపూరు, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి జీవనార్థము గల్ఫుదేశములకుఁ బోయి, అచటఁ దామే పరదేశులైన తెలుఁగువా రెందఱో యున్నారు. వారి బిడ్డలకు శిల్పచరిత్రము బోధించు పండితులు “ఈ వింతవేషమువాఁ డెవఁడు?” అని యడిగి యూరకుండరాదు. “ఈతని కన్నులకు మన మెట్లు కనఁబడితిమి?” అనియు నడుగవలెను. శిల్పి విడిచిన సగము ఆ ప్రశ్నతోఁ బూర్తి కాఁగలదు.