దగ్ధశిబిరమునకు పూర్వకథ

ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా దశరూపకకర్త విభజించెను. వసుచరిత్రకారుడు కథాభేదములను రత్నములతో పోల్చి, పూర్వవృత్తమునకు కవికల్పన తోడైనదే సానదీరిన జాతిరత్నమని మిశ్రమునకు పట్టము గట్టెను. లోకమెరిగిన కథకు ముందు జరిగిన కథను కల్పించుట నేటి చలనచిత్రములందు విరివిగా కానవచ్చుచున్నది. ఇదియు మిశ్రమే గాని, మిశ్రములలో మిక్కిలి ఇరుకైనది. ఏలయన, ఆది మాత్రమే రచయిత చేతిలో నుండును. అంత్యము పరులు వ్రాసి పెట్టినది. ఆ కథ భయానకరసప్రధానమైనపుడు చిక్కు మరింత ముదురును. ఒక చిత్రమును గ్రహించి ఈ చిక్కును పరిశీలింప దలచితిమి.

1982లో జాన్ కార్పెంటర్ దర్శకత్వమున, బిల్ లాంకాస్టర్ స్క్రీన్‌ప్లేతో ‘ది థింగ్’ అను అమెరికను చిత్రము వెలువడెను. దీనికి మూలము జాన్ డబ్ల్యు. కాంబెల్ 1938లో ప్రకటించిన పెద్దకథ. ఆ కథ నాధారముగా 1951లోనే ఒక చిత్రము వచ్చియుండెను. కార్పెంటర్ చిత్రమును ఆనాటి విమర్శకులు పెక్కుమంది ఈసడించిరి. కాలక్రమమున అదియే ఈ జాతి చిత్రములలో అగ్రగణ్యమై ప్రేక్షకుల ప్రేమకు పాత్రమైనది. దానికి పూర్వకథగా, అదే పేరుతో, 2011లో వచ్చిన చిత్రమునకు రచయిత ఎరిక్ హైసరర్. దర్శకుడు మథైస్ వాన్ హైనింగెన్.

మొదటి చిత్రకథ సంగ్రహముగా నిది. అంటార్కిటికాలో పన్నెండుగురు అమెరికనులున్న స్థావరమునకు ఒక కుక్క పరుగెత్తి వచ్చును. హెలికాప్టరులో దానిని తరుముచు వచ్చిన నార్వే దేశీయుడు తుపాకి కాల్చుచు ఏదో కేకలు వేయును. ఆ భాష అచట నెవరికిని తెలియదు. వెఱ్ఱివాడని తలచి స్థావరాధికారి వానిని కాల్చి చంపును. పిదప మాక్‌రెడీ అను పైలట్, వైద్యుడు నార్వే శిబిరమునకు పోయి చూతురు. అది కాలి బూడిదయైనది. చెక్కలో దిగబడిన గొడ్డలి, గొంతు కోసికొని కుర్చీలో గడ్డకట్టిన మనిషి, లోపల బోలుగానున్న పెద్ద మంచుదిమ్మ, వెలుపల రెండు మొగములు కరగి యొకటిగా అతికిన మాడిన కళేబరము: వారికి కనబడినవి ఇవి. మంచులో యుగములుగా చిక్కుపడియుండిన గ్రహాంతర జీవి యొకటి బయటపడినదనియు, అది ఏ ప్రాణిని కబళించిన ఆ ప్రాణి రూపమునే తాల్చుననియు తరువాత గాని తెలియదు. ఆ శిబిరమున మాటలాడువాడు లేడు. భయమునకు విభావమై నిలిచినది ఆ మౌనమే.

హైసరర్‌కు అప్పగింపబడిన పని ఆ మౌనమును పలికించుట. ఆయన గొడ్డలి మొదలుకొని ఒక్కొక్క గురుతునకు కారణము కల్పించుచు వెనుకకు నడచెను. ఈ శ్రమ తక్కువది కాదు. కాని ఇది వ్యాఖ్యాత శ్రమ. మూలములో నున్న ప్రతి పదమునకు అన్వయము చూపుట, విరోధము తోచినచోట సమన్వయము చేయుట టీకాకారుని ధర్మము. (మన శాఖలలో ఈ సమన్వయప్రీతి ఎంత గాఢమో పాఠకులకు చెప్పనక్కరలేదు.) గొడ్డలి ఎట్లు దిగబడినదో 2011 చిత్రమున చూచిన ప్రేక్షకుడు ‘ఓహో, ఇదియా!’ యని తృప్తిపడును. అది ప్రత్యభిజ్ఞవలన కలిగిన సంతోషము, భయము కాదు. రెండు మొగముల కళేబరము సంగతి ఇంకను స్పష్టము. మొదటి చిత్రమున దాని పుట్టుక ఎవరును చూడలేదు. రెండవదానిలో ఎడ్వర్డ్ అనువాని రూపముననున్న జీవి ఆడమ్ అనువాని మొగమును తనలో కలిపికొనుట కన్నులార చూతుము. భరతుడు భయానకమును బీభత్సమును వేఱుచేసి, ఒకదానికి భయము, రెండవదానికి జుగుప్స స్థాయి యని చెప్పెను. ఇచట మొదటిది పోయి రెండవది మిగిలినది. 1982 చిత్రమున జుగుప్స లేదా యని అడుగవచ్చును, కావలసినంత కలదు. అయితే అందు ‘మనలో ఎవడు మనిషి కాడు?’ అను భయము ముందు నడచును, జుగుప్స దానిని వెంబడించును.

నార్వే శిబిరమునకు నాయికగా కేట్ అను అమెరికను శిలాజశాస్త్రజ్ఞురాలిని తెచ్చుట మరియొక లోపము. ఆమెతోపాటు ఇంగ్లీషు వచ్చి శిబిరమున పెత్తనము చేయును. మొదటి చిత్రమున మాక్‌రెడీ ఆ నార్వే వారిని పలుమారు స్వీడన్ వారని పిలుచును. చావు అంచున నున్నప్పుడును వారెవరో వీరికి పట్టలేదు. ఆ పరాయితనమే కథకు కీలు. పరాయివారి యింట మన భాష వినబడగానే ఆ కీలు ఊడినది.

ఇక హైసరర్ స్వతంత్రించి కల్పించిన ఘట్టమునకు వత్తము. మొదటి చిత్రమున మాక్‌రెడీ ఎఱ్ఱగా కాల్చిన తీగను ప్రతివాని రక్తమునకు తాకించి పరీక్షించును. జీవి రక్తమైనచో అది ఎగిరిపడును. ఫలము నిశ్చయము. కేట్ పరీక్ష వేఱు. ఆ జీవి లోహమును అనుకరింపజాలదని ఆమె గ్రహించి, దీపము పట్టి ఒక్కొక్కని నోరు తెరపించి, పుచ్చిన పంటిలో దంతవైద్యుడు నింపిన లోహమున్నదా యని చూచును. లోహమున్నవాడు మనిషి యగుట సిద్ధము. లేనివాడు? వానిని గూర్చి ఏమియు సిద్ధింపదు. హేతువు ఒకవైపే పనిచేయును. పుచ్చుపండ్లవారు నిర్దోషులు, చక్కని పలువరుస గలవాడు శంకితుడు! శంకితులలో నిజముగా మనుష్యులైన వారును కలరు. చేతిలో ప్రమాణముండియు న్యాయము చేయలేని ఈ స్థితి మాక్‌రెడీ పరీక్షకంటె సూక్ష్మమైనదని మా యభిప్రాయము. దగ్ధశిబిరమున దీనికి గురుతు లేదు. కనుకనే రచయిత చేయి ఆడినది.

పూర్వకథ వెల్లడియగుట వలన చూచిన విషయమే వేఱు అర్థము తాల్చుట కావ్యములకు కొత్త కాదు. కళాపూర్ణోదయమున మధురలాలస పూర్వజన్మమున కలభాషిణి యని తెలిసినపుడు మనము వెనుక చదివినదంతయు మరల చదువవలసి వచ్చును. 2011 చిత్రము వలన 1982 చిత్రమున ఒక్క దృశ్యమైనను అట్లు మారినదా? మారలేదు. ఆ మార్పును కార్పెంటర్ చిత్రము తనలోనే చేసికొనియున్నది. మొదట వెఱ్ఱివాడని తోచిన నార్వే మనిషి ఒక్కడే నిజమెరిగినవాడని కథ సాగినకొలది మనకు తెలియును. నార్వే భాష వచ్చినవారికి వాని కేకలలోనే రహస్యమున్నది: అది కుక్క కాదని వాడు మొఱపెట్టుచున్నాడు.

ఆ మనిషికి రెండవ చిత్రమున లార్స్ అని పేరు. ఇంగ్లీషు రానివాడు. వాడు ముగింపునకు చాల ముందే కథనుండి తప్పుకొని, చివర పేరుల పట్టిక నడుచుచుండగా మరల కానవచ్చి, హెలికాప్టరునెక్కి కుక్కను తరుమును; మొదటి చిత్రమునకు మోరికోనే కూర్చిన సంగీతము మ్రోగును. వాడు ఎచటికి పోవుచున్నాడో, అచట వాని భాష ఎవరికిని తెలియక ఏమగునో మనకు తెలియును. అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చునపుడు తిక్కన పాఠకునకు భయము లేదు. తుది ఎరిగియుండుట వలన గుండె బరువెక్కును. లార్స్ విషయమునను అంతే. తుది తెలిసిన కథలో కరుణమునకు ఇంత చోటుండగా, హైసరర్ భయమునే పట్టుకొని వ్రేలాడెను. లార్స్ వంటివానిని కథ నడుమ నిలిపి, పరుల తుపాకికి వానిని చేర్చిన మార్గమును చెప్పియున్నచో, గొడ్డలికి కారణము దొరకకున్నను లోటు తోచెడిది కాదు.

ఆ రచయితకు ఈ శక్తి లేదనరాదు. టెడ్ చియాంగ్ కథను గ్రహించి ఆయన స్క్రీన్‌ప్లే వ్రాసిన ‘అరైవల్’ 2016లో వచ్చినది. అందు లూయీజ్ అను భాషాశాస్త్రజ్ఞురాలు తనకు పుట్టబోవు కూతురు చిన్నవయసుననే మరణించునని ముందే ఎరిగియు ఆ బిడ్డను కనుటకు సమ్మతించును. ఆ రచన ఆస్కార్ బహుమతికి నామనిర్దేశము పొందినది.