చిన్న సినిమాకు ఒక ఆట

ఈ వారం ‘క్యాష్ ఆన్ డిమాండ్’ చూసి మనసు నిండింది. 1961లో హ్యామర్ సంస్థ తక్కువ ఖర్చుతో తీసిన బ్రిటిష్ నేర కథ అది. క్రిస్మస్ ముందు ఒక చిన్న ఊరి బ్యాంకు. ఇన్సూరెన్స్ తరఫున తనిఖీకి వచ్చానంటూ ఒక పెద్దమనిషి మేనేజర్ గదిలో కూర్చుంటాడు. నీ భార్యా కొడుకూ మావాళ్ల చేతుల్లో ఉన్నారు, ఖజానా తెరువు అంటాడు. మేనేజర్‌గా వేసింది పీటర్ కుషింగ్. అప్పటిదాకా సిబ్బందిని గడగడలాడించిన మనిషి, లోపల వణుకుతూ వాళ్ల ముందు ఏమీ తెలియనట్టు తిరగాలి. కెమెరా బ్యాంకు గడప దాటేది తక్కువ.

కథ ఇట్లా ఒక్కచోట ఇమడాలన్నది నా పంతం. అందుకే ‘బలగం’ గురించి ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసింది, 2023లో వచ్చింది. కొమురయ్య చనిపోతాడు. పెట్టిన పిండం పిట్ట ముట్టదు. కొడుకు ఐలయ్యకూ అల్లుడు నారాయణకూ ఏళ్ల కిందట చెడింది ఎక్కడ? నల్లిబొక్క దగ్గర! ఆ పిట్ట వాలుతుందా లేదా అని ఇంటిల్లిపాదీ చూసే చూపుల్లో ఏ బ్యాంకు దోపిడీకీ తీసిపోని ఉత్కంఠ ఉంది. ఊళ్లల్లో తెరలు కట్టి మరీ వేసుకున్నారు. అది చూసి, మాటలు మానుకున్న అన్నదమ్ములు కలిశారని పత్రికలు రాశాయి.

పైసలు తక్కువైతే కథ చిక్కబడుతుందని ఇక్కడ తేల్చేయొచ్చు. కానీ ఆ కాలపు చిన్న బ్రిటిష్ సినిమాల బతుకు చూస్తే ఆ మాట నిలవదు. థియేటర్లు తమ దేశపు సినిమాలు ఇన్ని వేయాల్సిందేనని అక్కడ 1927లోనే చట్టం వచ్చింది, యుద్ధం తర్వాతా ఆ కట్టుబాటు సాగింది. పైగా ఒకే టికెట్ మీద రెండు సినిమాలు, పెద్దదానికి తోడు ఒక చిన్నది. తీయకముందే చిన్నదానికి తెర రాసిపెట్టి ఉండేది. ఆ భరోసాతో ఏటేటా తీశారు. చాలావరకు నాసిరకమే, వాటి నడుమే ‘క్యాష్ ఆన్ డిమాండ్’ లాంటివీ పుట్టాయి. ‘బలగం’ వెనకా నిర్మాత దిల్ రాజు సంస్థ ఉంది, థియేటర్లు దొరికాయి. అట్లాంటి అండ లేని లంబాడిపల్లి ‘మై విలేజ్ షో’ పిల్లలకు యూట్యూబే దిక్కయింది.

అందుకే కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో ఒక్కో థియేటర్ రోజుకు ఒక ఆట, మార్నింగ్ షో అయినా సరే, ఇక్కడివాళ్ల చిన్న సినిమాకు రాసివ్వాలి. మొదట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఏడాదిపాటు ఆపకుండా వేయాలి. దొంగల కథ తీయాలో, దినాల కథ తీయాలో మన పిల్లలు చూసుకుంటారు.